ముప్పై ఎనిమిది పౌండ్ల గాలి

ముప్పై మూడు. మళ్ళీ అదే ముప్పై మూడు. ఇప్పుడే కదా ముప్పై ఎనిమిది ఎక్కించాను, ఈ చేత్తోనే, ఈ పాత చేతిపంపుతోనే, చల్లటి సిమెంటు నేల మీద మోకాళ్ళేసుకుని, పంపు మీది ముల్లు వంక కళ్ళు చిట్లించి చూసుకుంటూ. పంపు ఊడదీసి, సరిగ్గా ఉందో లేదో చూద్దామని గేజీ పెడితే తుస్సుమని ముప్పై మూడట. ఈ మోటారుసైకిలు వెనక షాకబ్జార్లలో పట్టే గాలెంత గనక? రెండు వైపులా కలిపినా ఒక కాఫీ కప్పు నిండదు. గేజీకేమో మూరెడు గొట్టం. ఆ గొట్టం నిండాలంటే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది, నా షాకుల్లోంచే తాగాలి. చూడకపోతే ఎంతుందో తెలీదు, చూస్తే ఉన్నది కాస్తా పోతుంది. ఇలాంటి ఏర్పాటు ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ వాడి మొహం మండ. పాత గేజీ అయితే ఇత్తడిది, వేలెడంత ఉండేది, ఒక్క పౌండుకు మించి తాగేది కాదు. దాన్ని జూన్ నెలలో నా నేస్తం రోలీగాడు ట్రెయిలర్ చక్రం కింద పచ్చడి చేశాడు. చేసిందిగాక, "నేల మీద పెట్టుకున్నవాడిదిరా తప్పు" అన్నాడు పైగా. ఇదేమో అల్లుడు ట్రెంట్ క్రిస్మస్‌కిచ్చింది, ఎర్రటి అంకెలు వెలుగుతాయి, పెళ్ళిపందిరిలా. వెలిగి ఏం లాభం?

రెండూ పది అయింది. మూడింటికల్లా రోలీ వచ్చి గేటు దగ్గర హారన్ కొడతాడు. వాడి వెనక వాడి పెళ్ళాం కారులో వస్తుంది, బండెక్కడం మానేసి పదేళ్ళయింది ఆవిడ. ఇరవై రెండు మైళ్ళు, కొండ దిగి, నది వారగా, ఆ తెల్ల చర్చి దాకా. అక్టోబరు రెండో శనివారం చర్చి నేలమాళిగలో లూటెఫిస్క్ విందు. ఎండు చేపని క్షారపు నీళ్ళలో రోజుల తరబడి నానేసి, జావలా వణికే దాకా ఉడికించి, మీద కరిగిన వెన్న పోసి పెడతారు. మా తాతలు నార్వే నుంచి పట్టుకొచ్చిన దరిద్రాల్లో అదొకటి. ఊపిరి బిగబట్టి మింగాలి, మింగాక బ్రహ్మాండంగా ఉందనాలి, లేకపోతే ఈ లోయలో మనిషిగా లెక్కెయ్యరు. విస్కాన్సిన్లో పుట్టినందుకు అంతమాత్రం పడాలి మరి. టిక్కెట్టు కొనుక్కుని, పైన బల్లల మీద బుద్ధిగా కూర్చుంటే, మన అంకె పిలిచినప్పుడు కిందికి వెళ్ళాలి. మావి డెబ్భై ఒకటి, డెబ్భై రెండు. సెప్టెంబరులోనే కొనేసింది మా ఆవిడ మార్డెల్. ముప్పై ఏళ్ళు ఆ నేలమాళిగలో నిలబడి లెఫ్సా రొట్టెలు ఒత్తిన మనిషి, ఈసారి మాత్రం, "నేనూ అతిథిలా కూర్చుని తింటా, ఒత్తేవాళ్ళు ఒత్తుతారు" అంది. బాగానే ఉందిలే, ఎన్నాళ్ళు ఒత్తుతుంది అనుకున్నాను.

కారులో పోదామన్నాను నేను. అన్నానా లేదా? రెండేళ్ళ కిందట చలికాలంలో ఉత్తరాల డబ్బా దగ్గర మంచు మీద జారి పడ్డప్పుడు వెన్నుపూస ఒకటి చిట్లింది తనకి. కుదుపులు తగలకూడదన్నాడు డాక్టరు. నది పక్క రోడ్డేమో సిమెంటు పలకల రోడ్డు, ప్రతి చలికాలానికీ పలకలు లేస్తాయి, అతుకు అతుక్కీ టక్కు టక్కు మంటుంది. షాకులు మెత్తగా మింగితే ఏమీ తెలీదు, గట్టిగా ఉంటే ప్రతి టక్కూ నడుములోకే. అందుకే కారన్నాను. "ఈసారి బండి మీదే" అంది. మళ్ళీ అన్నాను. "ఓర్లిన్, ఈ ఒక్కసారి నా మాట విను, బండి మీదే" అంది. ఈ మనిషి నోట్లోంచి ఈ ఒక్కసారి అన్న మాట నలభై ఆరేళ్ళ కాపురంలో నేను వినలేదు. వినలేదు కాబట్టి ఆగి ఆలోచించాలా? ఆలోచించలేదు. సరే, తల్లీ, బండి మీదేనంటే బండి మీదే, గాలి సరిగ్గా పెడతాను, పాలు తొణక్కుండా నలభై ఏళ్ళు లారీ నడిపినవాణ్ణి, నిన్ను తొణకనిస్తానా అన్నాను. గొప్పలు చెప్పాను. ఇప్పుడేమో గాలే కుదిరి చావట్లేదు.

నలభై మూడు ఎక్కిస్తాను. గేజీ అయిదు తాగుతుంది, ముప్పై ఎనిమిది మిగుల్తుంది. అంతే, దెయ్యానికి దెయ్యం వాటా ముందే పడేస్తే సరి. పంపు ఒకటి, రెండు, మోచెయ్యి కటుక్కుమంది, మూడు, నాలుగు. గాలి కొట్టే పెద్ద మరతో కొడితే క్షణం పని. పెద్ద మరతో కొట్టే కదా తొంభై ఒకటిలో అయోవాలో పెట్రోలు బంకు దగ్గర కొంప ముంచుకున్నాను. ఒక్క నొక్కు నొక్కాను, టప్పుమంది, షాకుల రబ్బరు సీళ్ళు రెండూ పోయాయి, నూనె ధారగా కారి చక్రమంతా పూసుకుంది. నూట పది మైళ్ళు అడుగు లేని కుర్చీ మీద కూర్చున్నట్టు వచ్చాం ఇంటికి. దారి పొడుగునా మార్డెల్ ఒక్క మాట అన్లేదు, ఇంటికొచ్చి దిగి, రెండు చేతులూ వెనక పెట్టుకుని, "ఓర్లిన్, నా పిర్రలు అయోవాలోనే వదిలేసి వచ్చాననుకుంటా, వెళ్ళి పట్టుకురా" అంది. అబ్బ, ఎంత నవ్వామో ఆ రోజు. వంటింటి నేల మీద కూలబడి నవ్వాం. ఇదిగో ముప్పై ఎనిమిది. ఎర్రగా వెలుగుతోంది. కదలకు. వాల్వు మూత పెట్టేశాను. ఇంక నిన్ను చూడను, చూస్తే తాగుతావు.

గీత ఉందిగా, గీత అబద్ధమాడదు. ఎనభై మూడులో ఈ జపాన్ బండి కొన్న వారానికి గీసిన గీత, గ్యారేజీ గోడ మీద, తెల్ల రంగుతో. కథేమిటంటే, వెనక కూర్చునేవాళ్ళ బరువుని బట్టి గాలి పెట్టుకోమని బండితో ఇచ్చిన పుస్తకంలో రాసుంది. నేను వెర్రిబాగులవాణ్ణి, పెళ్ళాం దగ్గరికెళ్ళి, నీ బరువెంత అని అడిగాను. అడిగింది వంటింట్లో, మా అత్తగారు పక్కన ఉండగా. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు మార్డెల్ తనే గ్యారేజీలోకొచ్చి, "నా బరువు నీకూ వద్దు, ఆ పుస్తకానికీ వద్దు. నేను కూర్చుంటాను. బండి ఎక్కడిదాకా దిగితే బాగుంటుందో అక్కడ గీత గియ్యి. నేను లావెక్కితే గాలెక్కువ కొట్టు, నోరు మూసుకుని కొట్టు" అంది. అదే పద్ధతి ఇప్పటికీ. ఇద్దరం ఎక్కి కూర్చుంటాం, బండి గోడ పక్కనే, నేను ముందు కాళ్ళు ఆనించి, తను వెనక. వెనక పట్టుకునే ఇనప కమ్మీ గీతకి సరిగ్గా వచ్చిందో లేదో చూసి చెప్పేది తనే, నాకు కనబడదుగా. "ఒక వేలు పైన." నేను దిగి కాస్త గాలి తీస్తాను. "గీత మీద." అంతే, పద. అలా కుదిరిన అంకెలన్నీ బండి పక్క మూత లోపలివైపు తెల్ల రంగుతోనే రాసి పెట్టాను, ఇదిగో, ఇప్పటికీ చెక్కు చెదరలేదు. నేనొక్కణ్ణి, ఇరవై రెండు. నేనూ సామానూ, ఇరవై ఎనిమిది. నేనూ మార్డెలూ, ముప్పై ఎనిమిది. అందరం, నలభై రెండు. అందరం అంటే మేమిద్దరం, డేరా, పొయ్యి, దుప్పట్లు, ఆవిడగారి జాము సీసాలు.

"మార్డెల్! ఓసారి రా!" వచ్చింది. నల్ల తోలు జాకెట్టు, లోపల ఎర్ర స్వెట్టరు, దాని లోపల ఇంకోటి, మెడకి గుడ్డ. బయటేమో ఎండ కాస్తోంది. చలిగా ఉందా అంటే నది గాలి అంది. బండిని స్టాండు మీంచి దించి నేను కూర్చున్నాను, నా భుజం పట్టుకుని తను ఎక్కింది. ఎక్కిందా? ఎక్కినట్టే తెలీలేదు. మామూలుగా తను ఎక్కితే బండి ఉస్సురంటుంది, చెప్పుకోదగ్గ మనిషి ఎక్కిందని నాకూ తెలుస్తుంది, రెండు మడమలూ నేలకి చదునుగా ఆనుతాయి. ఇప్పుడేమో మునివేళ్ళ మీదున్నాను, కంచె మీద కోడిలా. "గీత?" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "గీత మీదే ఉంది" అంది. "సరిగ్గా చూడు." "చూశానయ్యా, గీత మీదే." "మరి నా మడమలు ఆనట్లేదేం?" "నీ మడమల సంగతి నన్నడుగుతావేం?" దిగమన్నాను. దిగింది, గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని ఒకసారి నిలబడింది, లోపలికి వెళ్ళింది.

ఎక్కడుంది తేడా? గీత మీద ఉంటే నా మడమలు ఆనాలి, ముప్పై ఆరేళ్ళుగా ఆనుతున్నాయి. గేజీ తప్పు చెబుతోందా? ముప్పై ఎనిమిదని ఎర్రగా వెలిగి లోపల యాభై పెట్టుకుందా? ట్రెంట్‌గాడు ఏ బజార్లో కొన్నాడో, ఇలాంటి వెలిగే వస్తువుల్ని నమ్మకూడదు, ఆ అల్లుణ్ణీ మొదట్లో నమ్మలేదు నేను. లేకపోతే షాకుల సీళ్ళు బిగుసుకున్నాయి, వేసవంతా ఎక్కడికీ వెళ్ళలేదుగా. అవును, ఎందుకు వెళ్ళలేదు? ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. జులైలో ఎండ అంది, ఆగస్టులో తోటలో టొమాటోలంది, నేను టీవీలో బేస్‌బాల్ చూస్తూ కూర్చున్నాను. కదలక కదలక సీళ్ళు ఎండి అతుక్కుని ఉంటాయి. సీటు మీద రెండు చేతులూ వేసి నా బరువంతా వేసి నొక్కాను, దిగింది, లేచింది, మళ్ళీ నొక్కాను, దిగింది, లేచింది, ఎక్కడా పట్టు లేదు, వెన్నలా ఉంది. సీళ్ళు కాదు. మరైతే నా బూట్లా? బూటు తీసి మడమ చూశాను. సగం అరిగింది, రెండు నాణేల మందం పోయి ఉంటుంది. అంతకి ఇంత తేడా రాదే. పోయిన నెల డాక్టరు దగ్గర కొలిచినప్పుడు ముప్పావు అంగుళం పొట్టయ్యావన్నాడు. అదీ సంగతి! నేను కుంచించుకుపోతున్నాను. డెబ్భై ఒకటి వచ్చాయి, వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటున్నాయి, రేపో మాపో నన్ను జేబులో వేసుకుని తీసుకెళ్ళాల్సి వస్తుంది. ఒంటి కాలి మేజోడుతో సిమెంటు మీద నిలబడి నా మీద నాకే నవ్వొచ్చింది, అంతలోనే ఒళ్ళు మండింది. ముప్పావు అంగుళానికి మునివేళ్ళ మీద నిలబడతానా? మడమకీ నేలకీ మధ్య రెండు వేళ్ళు పట్టేలా ఉంది. రెండున్నర దాటింది, వెధవ గడియారం నా కోసం ఆగుతుందా?

గేజీయే. కచ్చితంగా గేజీయే దొంగ. నాలుగు పౌండ్లు తీసి చూస్తా. వాల్వు లోపలి పుల్లని తాళంచెవి కొసతో నొక్కితే తుస్సు. ముప్పై నాలుగు. "మార్డెల్!" ఈసారి రావడానికి ఎంతసేపు పట్టిందో. వంటింటి నుంచి ఇక్కడికి పదిహేను అడుగులు. "నన్నో యోయోలా ఆడిస్తున్నావేంటి ముసలాడా" అంది, నవ్వుతూనే అంది గానీ సగంలో ఆగి ఊపిరి తీసుకుంది. ఎక్కింది. మునివేళ్ళే. అదే మునివేళ్ళు! "గీత?" "గీత మీదే." అప్పుడు కాస్త తేడాగా అనిపించాలా వద్దా? ముప్పై ఎనిమిదికీ గీత మీదే, ముప్పై నాలుక్కీ గీత మీదే ఎలా అవుతుంది? నాలుగు పౌండ్లు తీస్తే అర అంగుళమైనా దిగాలే. నోటి దాకా వచ్చింది. వచ్చి, బయటికేమొచ్చిందో తెలుసా, "కళ్ళజోడు పెట్టుకున్నావా అసలు?" అని విసుక్కున్నాను. "పెట్టుకున్నాను" అంది మెల్లిగా. "పెట్టుకుని ఏం చూస్తున్నావు మరి? టైమవుతోంది, ఆ రోలీగాడొచ్చి నవ్వుతాడు, నీ నడుం విరిగితే డాక్టరు నన్ను తిడతాడు, నువ్వేమో అటు చూసి ఏదో ఒకటి చెప్పేస్తావు!" మామూలుగా ఇలా అంటే నా వీపు మీద ఒక్కటి చరిచేది, చరిస్తే బండితో సహా ఊగేవాణ్ణి. చెయ్యి నా భుజం మీదే ఉంది, పిట్ట వాలినట్టు.

అద్దం. బండికి అద్దాలున్నాయి కదా! ముప్పై ఆరేళ్ళలో ఎడం అద్దాన్ని గోడవైపు తిప్పి చూసుకోవచ్చని ఒక్కసారి తోచలేదు నాకు, తోచే అవసరమే రాలేదు, చూసే మనిషి వెనకుండగా అద్దమెందుకు. ఇప్పుడు కసిగా తిప్పాను. నీ సంగతీ గీత సంగతీ ఇప్పుడే తేలుస్తాను. అద్దంలో గోడ వచ్చింది, రంపం వచ్చింది, వేలాడే తోట గొట్టం వచ్చింది, తెల్ల గీత వచ్చింది. గీతకి రెండు వేళ్ళు పైన ఉంది కమ్మీ. రెండు వేళ్ళు. గుడ్డివాడికైనా కనబడుతుంది. అద్దం ఇంకాస్త తిప్పాను తిడదామని. అద్దంలో మార్డెల్ మొహం వచ్చింది. తను గీతనే చూస్తోంది, తిన్నగా, కళ్ళజోడులోంచి, రెండు వేళ్ళ ఎడాన్నీ చూస్తూనే, నేను ఇంకా అడక్కముందే, "గీత మీదే ఉంది ఓర్లిన్, పోదాం పద" అంది.

అద్దాన్ని ఇంక తిప్పలేదు. అద్దం చిన్నది, అరచెయ్యంత, అందులో తన మొహం మాత్రమే పట్టింది, చుట్టూ ఏమీ లేదు, ఇల్లు లేదు, వంటిల్లు లేదు, నలభై ఆరేళ్ళుగా చూసి చూసి చూడ్డం మానేసిన మొహం. ఆ బుగ్గలేవి? ఈ దవడ ఎముక ఎవరిది? మెడకి గుడ్డ ఎందుకు చుట్టిందో తెలిసింది. స్వెట్టరు మీద స్వెట్టరు ఎందుకేసిందో తెలిసింది. జాకెట్టు నడుం పట్టీ ఆఖరి రంధ్రం కూడా దాటేసి, కత్తెరతో పొడిచిన కొత్త రంధ్రంలోకి వచ్చి ఉంది. ఆగస్టులో గిన్నెలు తోముతూ పెళ్ళి ఉంగరం నీళ్ళలో జారిపోతే, సబ్బు ఎక్కువైంది అంది, నేను గొట్టం విప్పి ఉంగరం తీసి హీరోలా చేతిలో పెట్టాను. పెట్టి, కాఫీ అడిగాను. పళ్ళెంలో బంగాళాదుంపని ఫోర్కుతో ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి తిప్పి కుక్కకి పెట్టేది. కుక్క బలిసిందిరా అని రోలీతో నవ్వాను. నవ్వాను నేను! లెఫ్సా కర్ర చేతులతో పట్టుకుని ఒత్తే ఓపిక లేక అతిథిలా కూర్చుంటానంది, బాగానే ఉందిలే అనుకున్నాను. ఒక్క కప్పు గాలిలో పౌండు తేడా వస్తే పసిగడతానని విర్రవీగే చవట వెధవని, గంట నుంచి గేజీని తిట్టాను, అల్లుణ్ణి తిట్టాను, సీళ్ళని, బూట్లని, నా వెన్నుపూసల్ని, చివరికి మార్డెల్‌నీ తన కళ్ళజోడునీ తిట్టాను. గేజీ పాపం నిజమే చెబుతోంది.

"ఎంత?" అన్నాను. వెనక్కి తిరగలేదు, అద్దంలోకే. ఎనభై మూడు తర్వాత మళ్ళీ అడగడం ఇదే.

అద్దంలో నన్ను చూసింది. "యాభై రెండు పౌండ్లు తగ్గాను" అంది. "ఈస్టర్ నుంచి."

"ఎందుకు చెప్పలేదే?"

"బుధవారం లా క్రాస్ ఆసుపత్రిలో స్కానింగుంది. అది అయ్యాక చెబుదామనుకున్నా. చెబితే నన్ను బండి ఎక్కనిస్తావా? దుప్పట్లో చుట్టి కుర్చీలో కూర్చోబెట్టి, అటూ ఇటూ తిరుగుతూ నా చుట్టూ కాపలా కాస్తావు. విందుకి బండి మీద వెళ్ళాలనుంది నాకు. మామూలుగా. పిచ్చివాగుడు వాగుతూ నువ్వు ముందు, నేను వెనక."

భయం వేసింది. నిజం చెప్పాలంటే ఆ నలభై ఏళ్ళ లారీ బతుకులో, కంటికి ఆనని నల్ల మంచు మీద బ్రేకు పడకుండా లోయలోకి జారినప్పుడు కూడా అంత వెయ్యలేదు. కోపం కూడా వచ్చింది, ఇంత కోపం, ఎవరి మీద చూపించాలో తెలీని కోపం. వద్దు, దిగు, కారులో పోదాం అందామని నోరు తెరిచాను. భుజం మీద పిట్టంత చెయ్యి కాస్త బిగిసింది. బుధవారం ఇంకా నాలుగు రోజులుంది. నది పక్క రోడ్డు అతుకులు నాకు ఒక్కోటీ తెలుసు. నా చేతిలో ఉన్నదల్లా ఈ వాల్వు. సరే, దీన్నైనా సరిగ్గా పెడదాం. "దిగకు, అలాగే కూర్చో" అని, ఎడం చెయ్యి వెనక్కి పోనిచ్చి, వాల్వు మూత తడుముకుని విప్పి, తాళంచెవి కొస ఆనించాను. తుస్సు. కళ్ళు అద్దంలో కమ్మీ మీద. కొంచెం దిగింది. తుస్సు. ఎప్పుడూ గాలి ఎక్కించడమే తప్ప తన కోసం ఇంత తీసింది లేదు, లావెక్కితే నోరు మూసుకుని కొట్టమంది గానీ, తగ్గితే ఏం చెయ్యమందో ఆ ఒప్పందంలో లేదు. తుస్సు. "ఇంకొంచెం" అంది వెనక నుంచి, మునుపటి గొంతుతో, లెక్క చెప్పే గొంతుతో. "ఇంకొంచెం. ఆఁ, ఒక వేలు పైన. ఆగు. గీత మీద." ఈసారి అద్దంలో నేనూ చూశాను, గీత మీదే. నా మడమలు నేలకి ఆనాయి.

తనని దింపి, స్టాండు వేసి, గేజీ పెట్టాను, అయిదు తాగనిచ్చి, తాగింది తిరిగి కొట్టి, లెక్క చూసుకున్నాను. ఇరవై ఎనిమిది. పక్క మూత చేతిలో పట్టుకుని నిలబడ్డాను, అంకెలు ఎదురుగా. నేనూ సామానూ, ఇరవై ఎనిమిది. మూత దాచేద్దామనుకున్నాను, నా భుజం మీంచి అప్పటికే చదివేసింది. "అయితే నేనిప్పుడు డేరా, పొయ్యి, రెండు దుప్పట్లన్నమాట" అంది. నవ్వింది. "జాము సీసాలు కూడా ఉన్నాయేమో చూడు." నేను నవ్వలేదు, గ్రీజు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. తనే నా చొక్కా అంచుతో నా మొహం తుడిచింది, గ్రీజు ఇంకా పూసి ఉంటుంది. "రాయి" అంది. "పద్ధతంటే పద్ధతే. కొత్త అంకె రాయాలిగా. నేనూ మార్డెలూ, ఇరవై ఎనిమిది." షెల్ఫు మీద తెల్ల రంగు డబ్బా ఉంది, పక్కన సన్న కుంచె ఉంది, తను వాటివంకే చూపించింది. నేను వాటిని దాటి చెయ్యి చాపి, టైర్ల మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్క తీసుకున్నాను. ముప్పై ఎనిమిదిని కొట్టెయ్యలేదు. దాని పక్కన చిన్నగా రాశాను.

గేటు దగ్గర రోలీ హారన్ కొట్టాడు. రెండుసార్లు కొట్టి, "ఒరే ఓర్లిన్, చేప చల్లారిపోతోందిరా!" అని అరిచాడు. మార్డెల్ హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ సుద్దవంక చూసింది, డబ్బావంక చూసింది. "అన్నీ రంగుతో రాసి, ఇదొక్కటీ సుద్దతోనా? బండి కడిగితే పోతుందిగా" అంది.

"పోవాలనే" అన్నాను.

"ముప్పై ఆరేళ్ళలో ఒక్కసారైనా కడిగావా నువ్వు ఈ బండిని? ప్రతి ఏప్రిల్లోనూ బకెట్టు పట్టుకుని చచ్చేది నేను."

"ఈ ఏప్రిల్లోనూ నువ్వే కడగాలి" అని పక్క మూత బిగించాను.